నూనె వాసన పట్టిన ఫోన్

మా కుట్టు కార్ఖానాలో సైకాల్ ఇరవై రెండేళ్ళుగా కాలర్లు కుడుతోంది. బిష్కెక్ నగరంలో ఎవరి చొక్కా తిరగేసినా ఆమె చేతి కుట్టు దొరకొచ్చు, ఆమె పేరు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ దొరకదు. మా అందరిదీ అదే బతుకు. తనిఖీ అధికారి వచ్చాడంటే మమ్మల్ని వెనక గదిలోకి తోసి బయట తాళం వేస్తారు. లేని మనుషులకి జీతం పెంచక్కర్లేదు కదా.

కిందటేడు అలా తాళం వేసినప్పుడే ఆ గది అంటుకుంది. ఆ రోజు పనిలో ఉన్న సైకాల్ చెల్లెలు మీరిమ్, ఇంకో ఇద్దరు లోపలే పోయారు. "ఆ రోజు నేను ఊళ్ళోనే లేను, వాళ్ళే లోపల గడియ పెట్టుకున్నారు" అన్నాడు యజమాని తాలాయ్.

మీరిమ్ ఆఖరిసారి లోపల్నుంచి రికార్డు చేసి పంపిన మాట సైకాల్ ఫోన్‌లో ఉంది. "అక్కా, పొగ వస్తోంది..." తరవాత అంతా గరగర. ఆ పాత ఫోన్ గొంతు మొదటినుంచీ బొంగురే.

పోయినవాళ్ళ కోసం మేం గురువారాలు నూనెలో రొట్టెలు వేయిస్తాం. ఆ వాసన వాళ్ళకి చేరుతుంది. వాసన ముందుగా ఆ గొంతుకే తగలాలని సైకాల్ ఫోన్‌ని కడాయి పక్కనే పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఫోన్ ఉబ్బింది, ఊరికే ఆరిపోతోంది.

వచ్చే వారం ఆ మంటల మీద విచారణ అనగా తాలాయ్‌కి దయ పుట్టుకొచ్చింది. కొత్త ఫోన్ కొనిస్తానని తనే సైకాల్‌ని దొర్దోయ్ బజారుకి వెంటబెట్టుకెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

ఫోన్ల కొట్టావిడ నుర్జాన్ పాత ఫోన్‌ని వాసన చూసింది. "అక్కా, దీంతో మాట్లాడావా, వేయించుకు తిన్నావా?"

"ఆ యాపిల్‌ది ఇవ్వు" అన్నాడు తాలాయ్. "పాతది ఇక్కడే పారెయ్ సైకాల్, కంపు కొడుతోంది."

"ఇందులో మా చెల్లి గొంతు ఉంది. కొత్తదాంట్లోకి వస్తుందా?" అంది సైకాల్.

"ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కైతే తెచ్చేస్తాను. యాపిల్‌కైతే ఫొటోలు, నంబర్లు వస్తాయి. గొంతుకి మాత్రం మాటివ్వలేను. ఇది ఇంకోసారి ఆరిందంటే లేవదు కూడా. ఇప్పుడే తేల్చుకో."

"ఊరంతా యాపిల్ కోసం చస్తుంటే దీనికేం రోగం" అన్నాడు తాలాయ్.

"చావు మాట నువ్వెత్తకు అన్నా" అంది సైకాల్. ఉన్నవాటిలో చవక ఆండ్రాయిడ్ చూపించి, తన డబ్బే తీసి పెట్టింది.

మార్చేటప్పుడు పాత ఫోన్ తెర రెండుసార్లు మసకబారింది. సైకాల్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. పని పూర్తయ్యాక అది ఆరిపోయింది.

నుర్జాన్ కొత్త ఫోన్‌లో నొక్కింది. "అక్కా, పొగ వస్తోంది..." ఇనప తలుపు మీద గుద్దులు. దగ్గు. ఏడాదిగా మేం గరగర అనుకున్నది తలుపు అవతలి మగగొంతు: "అరవకండే. అధికారి వెళ్ళాక తీస్తాను."

తాలాయ్ ఏదో అనబోయి నోరు తెరిచాడు. మాట్లాడితే వచ్చేది అదే గొంతని అతనికీ తట్టినట్టుంది. మూసుకున్నాడు.

"మళ్ళీ పెట్టు నుర్జాన్" అంది సైకాల్. "పక్క కొట్లకీ వినపడేలా."