రంగు పూయని రెండు చోట్లు

నిన్న మా ఇంటి కిటికీ ఊచలకు నీలం ఎనామిల్ పూస్తున్న పెయింటరు, గూట్లో ఉన్న ఇనుప మోటారును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, దీనికి గూడా ఒక పూత ఏసేదా?" అని అడిగాడు. కావలిలో మా ఇల్లు ఇల్లంతా ఆ రంగు వాసనే. అది పీల్చిన మరుక్షణం నాకు పదేళ్లు. వాకాడు అవతల మా పల్లె ఇసుక, ఎండుచేపల మీంచి వచ్చే గాలి, కిరసనాయిలు, మామిడికాయ వేసిన చేపల పులుసు, అన్నీ చెప్పాపెట్టకుండా వచ్చేశాయి.

ఆ మోటారు మా మేనత్త నాగమ్మ భర్త, పోలయ్య మామది. పడవ వెనక తగిలించే ఇంజనును మా ఊళ్లో అందరూ తాడు చుట్టి, ఒక్క ఊపున లాగి స్టార్ట్ చేసేవాళ్లు. తాడు లాగేవాడిదే పడవలో మాట. వల ఎక్కడ వేయాలో, ఎప్పుడు ఒడ్డుకు తిరగాలో అతనే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఆ మాట మామదే. అలాంటిది ఆ ఏడు చలికాలంలో తాడు లాగబోతే కుడి భుజం జారింది, ఇక తాడు ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. పడవలో మామతో వాటా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు పైకి ఏమీ అనలేదు గానీ, తాడు మాత్రం వాళ్ల పాకలోకి చేరింది. మామ అన్నం కంచం ముందు కూర్చుని, ఎడమ చేత్తో గాలిలోనే తాడు లాగి చూసుకునేవాడు. నవ్వకుండా ఉండలేకపోయేదాన్ని, నవ్వాక ఏడుపొచ్చేది.

నిజానికి ఆ ఇంజనుకు మీట నొక్కితే చాలు, స్టార్ట్ చేసి పెట్టే మోటారు ఒకటి ఉండనే ఉంది. పాత ఇంజను కొన్నప్పుడు దానితో పాటే వచ్చింది. తాడు ఉండగా మీటెందుకని ఎవరూ దాని ముఖం చూడలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి పట్టి, పాత బెల్లం దిమ్మలా అయిపోయింది. ఊరి ఇంజన్లన్నీ బాగుచేసే మా నాయన, చేపల వేట ఆపిన వేసవి రోజుల్లో దాన్ని విప్పి ఇంటికి తెచ్చాడు.

మొదటి బలి మా అమ్మ చేపల పులుసు వండే దాక. బోల్టులు కదలడం లేదని నాయన మోటారును అందులో పెట్టి, నిండా కిరసనాయిలు పోసి, మూడు రోజులు నానబెట్టాడు. "ఇంక దాంట్లోనే ఒండుకోని తినండి మీరిద్దురూ," అని అమ్మ దాని జోలికి మళ్లీ పోలేదు. నాలుగో రోజు మూత ఊడింది. లోపల రాగి చుట్లు ఉన్న ఇరుసు, దాని చివర చిన్న పళ్లచక్రం, అరిగిపోయిన కార్బన్ బ్రష్షులు. కొత్త బ్రష్షులు నాయుడుపేట నుంచి వచ్చాయి. రాగి పలకల మధ్య సందుల్లో మసిని కొబ్బరి పుల్లతో గీకే పని నాది, ఎందుకంటే ఇంట్లో అంత సన్నటి వేళ్లు ఇంకెవరికీ లేవు. ఎదురుగా ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు పెట్టుకుని, ముక్కుకు మసి, నాలుకకు పులుపు, ఆ సెలవుల్ని నేను మహారాణిలా గడిపాను.

కోతలైపోయి ఖాళీగా ఉన్న ట్రాక్టరు నుంచి బ్యాటరీ అడిగి తెచ్చారు. నాయన మోటారును కాలితో తొక్కి పట్టుకుని, ఒక వైరు పైన కరెంటు అందుకునే మేకుకు, ఇంకోటి మోటారు ఒంటికి ఆనించాడు. మోటారు గిర్రుమని తిరిగి, కాలి కింద నుంచి ఎగిరి, వాకిట్లో దొర్లుకుంటూ పోయి కోళ్ల గంపను గుద్దుకుంది. కోళ్లు ఒక దిక్కు, మేము ఒక దిక్కు. నెలల తర్వాత మామ కడుపుబ్బ నవ్వడం అప్పుడే చూశాను.

ఇక మిగిలింది రంగు. వేట మళ్లీ మొదలయ్యే ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టే నాటికి పడవలో ప్రతి వస్తువుకూ రంగు పడాలి. లంగరుకు, తెడ్డుకు, నీళ్లు తోడి పోసే డబ్బాకు కూడా. వేలెడంత చోటు వదిలినా ఆ పడవ వాళ్లింటి ఆడవాళ్లకు నామోషీ. అత్తా నేనూ కూర్చుని మోటారుకు నీలం రంగు రెండు పూతలు వేశాం. పళ్లచక్రం తప్ప, బోల్టులూ, అడుగూ, సందులూ ఏదీ వదల్లేదు. బొట్టు కూడా పెట్టాం.

ఆ ఉదయం ఊరంతా ఒడ్డునే ఉంది. బొరుగులూ బెల్లం పంచుతున్నారు. నాయన మోటారును ఇంజనుకు బిగించి, బ్యాటరీ కలిపాడు. మామ కొత్త లుంగీ కట్టుకుని, పడవ వెనక కూర్చుని మీట నొక్కాడు. టిక్. అంతే. మళ్లీ నొక్కాడు. టిక్. నాయన వైర్లన్నీ తడిమి చూశాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు తాడు చేతిలోకి తీసుకుని, "పోనీలే మామా, మేం లాగతాం. నువ్వు ముందర కూసో," అన్నాడు. అతను మర్యాదగానే అన్నాడు. మామ లేవబోయాడు. ఆ ముఖం నేనింకా మరిచిపోలేదు.

"ఇంటికాడ తిరిగినాది గదా! ఆ తర్వాత దీన్ని ఎవురు ముట్టుకున్నారు?" అని అరిచాడు నాయన.

నేను అత్త కొంగు పట్టుకునే చెప్పాను. "మేమే నాయనా, రంగేసినాం. అడుగున గూడా."

నాయన నుదురు కొట్టుకుని, "ఇనుముకి ఇనుము తగిలితేనే గదే కరెంటు తిరిగొచ్చేది! మధ్యలో రంగు పరిస్తే ఎట్టా?" అంటూ మోటారు విప్పి, అత్త చేపల కత్తి అందుకుని, అది ఇంజనుకు ఆనే రెండు చోట్లా, బోల్టుల అంచులా తళతళలాడేదాకా గీకి మళ్లీ బిగించాడు. మామ నన్ను ఎత్తి పడవలో కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వే నొక్కు కోడలా."

నొక్కాను. ఒక్క గర్జన, పొగ, ఒడ్డంతా ఈలలు. మామ తాడు తీసుకుని అత్త మీదికి విసిరాడు. అత్త ఏళ్ల తరబడి దాని మీదే బట్టలారేసింది. ఆ తర్వాత మామ ఇంకో తొమ్మిదేళ్లు వేటకు పోయాడు.

ఇప్పుడు మామ లేడు. ఇంజను పాత ఇనుములో కలిసిపోయింది. మా పల్లెలో ఇప్పుడన్నీ మీట ఇంజన్లేనట, తాడు సంగతి పిల్లలకు చెప్పినా నమ్మరు. మిగిలింది ఈ మోటారు ఒక్కటే.

"ఏసేయన్నా," అన్నాను పెయింటరుతో, ఒకప్పుడు ఇంజనుకు ఆనిన చోట్లు వేలితో చూపిస్తూ. "ఈ రెండు చోట్లా మాత్రం ఒద్దు."

"తుప్పు పడతాది గదక్కా?"

"పడితే నేను గీక్కుంటాలే," అని, అప్పటికే పట్టినదాన్ని గీకడానికి వంటింట్లోకి కత్తి కోసం వెళ్లాను.