మూడుసార్లు తప్పిన మాగ్నెట్

కరోనా తగ్గాక వచ్చిన రెండో వానాకాలంలో, అరకు దగ్గర మా సంస్థ కొత్తగా పెట్టిన మాగ్నెట్ పరీక్షా కేంద్రానికి నన్ను అధిపతిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. కాఫీ తోటల మధ్య కూర్చోబెట్టి మర్యాదగా సాగనంపుతున్నారనుకున్నాను. వెళ్లాక తెలిసింది, అక్కడ తీరికన్న మాటే లేదని.

యాక్సిలరేటర్లలో వేగంగా పరుగెత్తే కణాలను దారి తప్పకుండా వంచడానికి సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్లు పెడతారు. ద్రవ హీలియంలో చల్లబరిస్తే వాటి తీగచుట్టలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. మేం ఆ కరెంటును మెల్లగా పెంచుకుంటూ పోతాం. లోపల తీగ వెంట్రుకవాసి కదిలినా ఆ చోటు వేడెక్కి, అడ్డు లేకుండా పారే ఆ గుణం పోతుంది, హీలియం మరిగిపోతుంది. దాన్నే క్వెంచ్ అంటాం. కొత్త నులకమంచం కిర్రుకిర్రుమని సర్దుకున్నట్టు, కొత్త మాగ్నెట్ కూడా కొన్ని క్వెంచ్‌లతో సర్దుకుంటుంది. మూడుసార్లలో పూర్తి కరెంటు అందుకోకపోతే మాత్రం చుట్టిన చోటికే తిప్పి పంపాలని నిబంధన.

మా సంస్థ సొంతంగా చుట్టిన మొదటి మాగ్నెట్ మూడుసార్లూ తప్పింది. తిప్పి పంపితే చుట్టను కోసి విప్పుతారు. ఏళ్ల పని పోతుంది, తర్వాతి ఆర్డరు ఇంకెవరికో పోతుంది. దాన్ని చుట్టిన బృందానికి పెద్ద సుమిత్ర. గూడెం కొత్తవీధి పక్క కొండల్లో కాఫీ రైతుల అమ్మాయి. హోదాలో నాకు మూడు మెట్లు కింద, వాదనలో రెండు మెట్లు పైన.

గ్రాఫులు నా బల్లమీద పరిచింది. "ఒకే చోట అవుతుంటే తీగలో దెబ్బున్నాదనుకోవాల సార్. ఇది మూడుసార్లూ మూడు చోట్ల అయినాది. సర్దుకుంటన్నాది, అంతే."

నిబంధన ఎన్నిసార్లనే అడుగుతుంది, ఎక్కడని అడగదన్నాను.

"మరి మీరడగండి సార్," అంది.

నాకు ఒళ్లు మండింది. అయినా గ్రాఫులు మళ్లీ చూశాను. ఆమె చెప్పినట్టే ఉన్నాయి. కానీ లోపల నిజంగా దెబ్బే ఉంటే, ఇంకోసారి కరెంటు ఎక్కించినప్పుడు చుట్ట కాలిపోవచ్చు. అప్పుడిక బాగుచేయడానికి కూడా ఏమీ మిగలదు. పైగా ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి హీలియం ట్యాంకరు కిందే ఆగిపోయింది. హీలియం ప్లాంటు చూసే అప్పలనాయుడు వచ్చి, "హీలియం ఇంకొక్కపాలికే ఉన్నాది సార్. ఏటో బేగి తేల్చండి," అన్నాడు.

తాడోపేడో తేలాల్సిందేననుకుని నాలుగో పరీక్షకు నా బాధ్యత మీద సంతకం చేశాను.

కరెంటు పెంచేటప్పుడు కంట్రోల్ రూములో అంకెలు చదివే మనిషి తప్ప ఎవరూ మాట్లాడకూడదు. పూర్తి కరెంటు అందినా, నిలవాల్సిన గడువు దాటేదాకా ఎవరూ సంతోషించకూడదు. అది మా వాళ్ల ఆచారం. సుమిత్ర చదువుతోంది. కిందటిసారి తప్పిన అంకె దాటింది. పూర్తి కరెంటు అందింది. గడువు ముగిసేదాకా కదలకుండా కూర్చున్నాం.

"నిలబడింది సార్," అంది సుమిత్ర. నాయుడు ఈల వేశాడు. అంత సంతోషం నాకు నా ప్రమోషన్లలో కూడా కలగలేదు.

ఆ మాగ్నెట్ ఇప్పుడు యాక్సిలరేటర్లో పనిచేస్తోంది. రిటైరయ్యేలోపు నిబంధన మార్పించాను: తిప్పి పంపేముందు ప్రతి క్వెంచ్ ఎక్కడ మొదలైందో చూసి తీరాలి. ఎన్నిసార్లు తప్పిందో లెక్కపెట్టడానికి ఇంజినీరు అక్కర్లేదు. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పడానికే మాకు జీతం.