సున్నా కోసం ఆగిన కాటా

గఫార్ పని చదవడం. అలా చెబితే కుప్పంలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. "చదివితే జీతమిస్తారా? వాళ్లెవురో నాకూ చెప్పప్పా, నా కొడుకును పంపిస్తా" అని మా గది కింద టీ అంగడి నడిపే కృష్ణమ్మ ఎగతాళి చేసేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. దొరికిన కాగితమల్లా చదివినవాణ్ని నేను. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

అబ్దుల్ గఫార్‌ది పుంగనూరు. మదనపల్లెలో బీఎస్సీ అయ్యాక, బెంగళూరులో కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. అక్కడి అద్దెలు కట్టలేక కుప్పంలో నాతో గది పంచుకుని, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది నాటి మాట ఇది.

వాళ్ల కంప్యూటర్లో పని మొత్తాన్ని నడిపే ప్రధానమైన ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. ప్రింటరుతోనో, తూకం వేసే కాటాలాంటి ఇంకో మిషనుతోనో అది మాట్లాడాలంటే మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. అది డ్రైవరు. డ్రైవరు రాసేవాళ్లు వేరే. ఒకరు రాసింది ఇంకొకరు వరస వరసా చదివి, తప్పు లేదని సంతకం పెడితే తప్ప కెర్నెల్లో చేర్చరు. ఆ సంతకం పెట్టేవాడు గఫార్. ఆఫీసులో మిషను అందరికీ చాలదు కాబట్టి కోడును అంచులకు బెజ్జాలున్న పొడుగాటి కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారు. రైల్లో కిటికీ పక్కన దాన్ని తొడమీద పరుచుకుని, ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ వచ్చేవాడు. అంకె వస్తుండగానే ప్రింటరు పిలిస్తే ఏమౌతుంది? వైరు ఊడితే? కరెంటు పోయి వస్తే? ఇవే అతని ప్రశ్నలు. ఒక్కోసారి నన్ను కూర్చోబెట్టి, "నువ్వు కాటా అనుకో, నేను కంప్యూటరు" అని ఆడించేవాడు. వాడి సుఖమంతా అందులోనే ఉండేది. చూస్తే నాకు కడుపు మండేది.

పుంగనూరులో అబ్దుల్ జబ్బార్ సాహెబ్‌ది చింతపండు మండీ. మన ఊరి పిల్లోడు పనిచేసే కంపెనీ అని ఆయన ఆ కంప్యూటరు కొన్నాడు. గంపను కాటా మీద పెడితే బరువు దానంతటదే కంప్యూటర్లోకి పోతుంది, చివర్లో రైతుకు చీటీ వస్తుంది. ఆ కాటాకు డ్రైవరు రాసింది కమలాక్షి అనే ఇంజనీరు. చదివింది గఫార్. మిషనుతోపాటు కంపెనీ ఒక ఇంగ్లీషు కాగితం పంపింది: ఈ ప్రోగ్రామును ఆసాంతం పరీక్షించాము, దోషం లేదు అని. కింద గఫార్ సంతకం. జబ్బార్ సాహెబ్ దానికి అద్దం కట్టించి కాటా పైన గోడకు తగిలించాడు.

ఆ కాటా దగ్గర నిలబడేది బైరప్ప. పాత కాటా ఉన్నప్పటినుంచీ తూకం పలికేది ఆయనే. సోమల నుంచి సరుకు తెచ్చే రైతులు మండీని నమ్మలేదు, బైరప్ప గొంతును నమ్మారు.

కొత్త మిషను వచ్చాక చీటీల్లో బరువు తగ్గడం మొదలైంది. అందరికీ కాదు, అన్ని గంపలకూ కాదు. సరుకు ఎక్కువగా వచ్చిన వారాల్లో ఎక్కువ తగ్గేది. రైతులు గొడవచేస్తే జబ్బార్ సాహెబ్ గోడకేసి చూపించేవాడు. మిషనులో దోషం లేదని మన ఊరి పిల్లోడే రాసినాడు, ఇంక మీరే ఆలోచించుకోండి అనేవాడు. రైతులు ఆలోచించారు. మిషను కాకపోతే మనిషి. లెక్కలోకి రాని చింతపండు గోడౌన్లోకే పోతోందని జబ్బార్ సాహెబ్‌కు తెలియదని నేననుకోను.

సంగతి విని గఫార్ ఒక ఆదివారం పుంగనూరు పోయాడు. నేనూ వెంట వెళ్లాను. తూకాలు జోరుగా సాగుతున్నాయి. గఫార్ కాసేపు చూశాడు, తర్వాత నన్ను పక్కకు లాగాడు.

మా వైపు మండీల్లో సీజనులో కాటా ఖాళీగా ఉండదు. తూచిన గంపను ఒక హమాలీ అటు లాగుతుంటే, ఇంకో హమాలీ ఇటునుంచి తన గంపను తోస్తాడు. నెత్తిన బరువుతో ఎవడు ఆగుతాడు? కమలాక్షి రాసిన డ్రైవరు అలా కాదు. ఒక బరువు తీసుకున్నాక కాటా సున్నాకు వచ్చేదాకా ఇంకో బరువు తీసుకోదు. ఊగే కాటా మీద ఒకే గంపను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఆ జాగ్రత్త. కానీ సున్నాకు రాకముందే తోసిన గంప లెక్కలోకే రాదు. గఫార్ దాని పక్కన ఎర్ర పెన్సిలుతో 'బాగుంది' అని రాశాడట. నా చెవిలో చెప్పాడు. చిన్నప్పటినుంచీ ఆ గంపలమధ్య తిరిగినవాడు. బెంగళూరమ్మాయికి తెలియకపోవచ్చు, తెలిసినవాడు అతనొక్కడే. కోడు చదివేటప్పుడు మండీ గుర్తుకు రాలేదు.

అంతలో సోమల వెంకటప్ప చీటీ పట్టుకుని బైరప్ప మీదికి పోయాడు.

"నా గంపలు మింగేసినావు కదప్పా. ఇన్నేండ్లు నీ మాట దేవుడి మాటనుకుంటిమి."

"నేను గంపను సూస్తాండాను వెంకటప్పా, మిషను లోపల ఏముండాదో నాకేం తెలుస్తాది?"

"తెలీకనే సాహెబ్‌తో పంచుకుంటాండావా?"

ఆ మాటకు జబ్బార్ సాహెబ్ లేచాడు. "నన్నెందుకు లాగుతావప్పా మధ్యలో? బైరప్పా, రేపటినుంచి నువ్వు రావద్దు" అన్నాడు. బైరప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గఫార్ ఆఫీసులో అడిగి, రాతలో తెచ్చి చెబుతానని నాతో మాత్రం అన్నాడు. ఉట్టి మాట ఎవరు నమ్ముతారన్నాడు.

ఆఫీసులో వాడి పై అధికారి అంతా విన్నాడు. తప్పు తప్పేనన్నాడు. సాయంత్రానికల్లా కమలాక్షి చేత దిద్దించాడు. వారం మధ్యలో మనిషిని పుంగనూరు పంపి, సర్వీసు అని చెప్పి కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. తప్పు ప్రోగ్రాందని ఉత్తరం మాత్రం ఇవ్వనన్నాడు. అదే కాటా ఇంకా చాలా ఊళ్లలో ఉందట.

"మరి ఆ మనిషి?" అని గఫార్ అడిగితే, "అది మండీ వ్యవహారం" అన్నాడట.

మరుసటి ఆదివారం గఫార్ మళ్లీ పోయాడు. రైతులందరి ముందూ నిలబడి, బైరప్ప తప్పు లేదు, తప్పు ప్రోగ్రాంలో ఉంది, దాన్ని సరిగా చదవనిది నేను అని చెప్పాడు. సున్నా సంగతి విడమరిచి చెప్పాడు. అందరూ ఓపిగ్గానే విన్నారు. వెంకటప్ప ఆ రోజు చీటీ తీసి చూపించాడు.

"ఈ పొద్దు ఒక్క గంప పోలేదు, సూడు. మిషను అదే, కాటా అదే. బైరప్ప ఒక్కడే లేడు. ఇంకేం చెప్తావు?"

"మిషను లోపల ప్రోగ్రాం మార్చినారు. బుధవారం కంపెనీ మనిషి వచ్చింది అందుకే."

"సర్వీసుకు వచ్చినారప్పా వాళ్లు" అన్నాడు జబ్బార్ సాహెబ్ మెత్తగా. "దోషం లేదని నువ్వే రాస్తివి. ఇప్పుడు ఉండాదంటావు. నీ ఏ మాట నమ్మాల మేము?"

వెనకనుంచి ఎవరో, "ఈయప్పకు గూడా భాగముండాదేమో" అన్నారు. కొందరు నవ్వారు.

ఆ మాటలు కంపెనీకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. గఫార్‌ను పనిలోంచి తీసేశారు.

తర్వాత మేమిద్దరం బైరప్పను వెతుక్కుంటూ మదనపల్లె పోయాము. టమోటా మార్కెట్‌లో ఉన్నాడు. కాటా దగ్గరికి అక్కడా రానివ్వలేదు, పుంగనూరు సంగతి ఆయనకంటే ముందే చేరింది. ఆ వయసులో గంపలు మోస్తున్నాడు. దించి, మొహం తుడుచుకుని, గఫార్ చెప్పింది మొత్తం విన్నాడు.

"అయితే నేను దొంగను కాదంటావు."

"కాదప్పా. నేను రాసిస్తాను, ఎవురికి కావాలంటే వాళ్లకు."

"రాసింది ఉండాది కదప్పా, ఆ మండీ గోడమీద. అందరూ దాన్నే సదువుతాండారు." తువ్వాలు చుట్ట చేసి నెత్తిన పెట్టుకున్నాడు. "బయటోళ్ల సంగతి ఇడ్సిపెట్టు. నా పెండ్లామే అడిగింది, ఆ దుడ్డు యాడ పెట్టినావని. లేదంటే, నాతో గూడా అబద్ధం చెప్తావా అని ఏడ్సింది."

"ఆమెకు నేనొచ్చి చెప్తాను."

"నువ్వు యాల? మళ్లీ ఆ సున్నా సంగతి చెప్తావా? నాకే సగం అర్థం కాలేదు." వంగి, ఇంకో గంప కిందికి చేతులు పెట్టాడు. "కొంచెం ఎత్తప్పా."

గఫార్ ఒక పక్క పట్టి, గంపను ఆయన నెత్తికెత్తాడు.