నూనె కాగితం మీద మా అమ్మ

మొన్న అమలాపురంలో అన్నయ్య ఇంటికి అమ్మ తద్దినానికి వెళితే, ఆయన మనవరాలు గోడమీది ఫ్రేము చూసి, తాతమ్మ ఎంత తెల్లగా ఉండేదో అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మది చామనఛాయ. పాతికేళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

కొత్తపేటలో సైన్సు మాస్టారుగా చేసిన మా చిన్నమావయ్యకి తొంభైల్లో ఓ పిచ్చి పట్టింది. మన తరానికి ఫిల్మురీళ్లు గుర్తే గానీ, అవి పుట్టకముందు దొరలు కాగితానికే వెండి ఉప్పు పట్టించి ఫోటోలు తీసేవారట. ఆ రోజుల్లో రేకు మీద తీసే బొమ్మ ఒక్కటంటే ఒక్కటే. ఈ కాగితం మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా పడిన బొమ్మ నుంచి మాత్రం ఎన్ని అచ్చులైనా తీసుకోవచ్చట. అది చేసి చూడాలని, కెమెరా అంటే పారిపోయే మా అమ్మని ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, రెండు నిమిషాలు కదలనివ్వలేదు. ఆ బొమ్మని ఇంకో వెండి ఉప్పు కాగితం మీద పరిచి ఎండలో పెడితే అచ్చు పడుతుంది; పై కాగితంలోంచి వెలుగు దూరడానికి దొరలు మైనం పట్టించేవారట. కోనసీమలో మైనం కోసం వెతుక్కునే ఖర్మేమిటి, మావయ్య కొబ్బరినూనె రాశారు. దాన్నుంచి ఎండలో తీసిన ఒక్క అచ్చూ వానాకాలం చెమ్మకి బూజు పట్టింది. అమ్మకి ఇంకో ఫోటో లేదు.

అమ్మ పోయినప్పుడు మావయ్య నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆ నూనె కాగితం ఉన్నన్నాళ్లూ మీ అమ్మ ఎక్కడికీ పోదమ్మా. ఎన్నిసార్లైనా తీసుకుందాం." సంవత్సరీకం వెళ్లగానే ఓ మంచి ఎండ చూసి పెద్ద అచ్చు తీద్దామనుకున్నాం. కాగితం అన్నయ్య బీరువాలో ఉండేది.

సంవత్సరీకం నాడు అన్నయ్య గర్వంగా ఫ్రేము తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మొహం నల్లగా, జుట్టు తెల్లగా దెయ్యంలా ఉందే. స్టూడియోలో ఇచ్చి బాగుచేయించేను."

కాగితం మీదే నల్లని మొహానికి తెల్లరంగు, తెల్లని జుట్టుకి నల్లసిరా, నుదుట ఎర్రబొట్టు. అంత మందాన పూశాక ఇక వెలుగేం దూరుతుంది? ముందుగా ఒక్కమాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా! నేను ఏడుస్తూ అరిచాను. మావయ్య మాత్రం, ఫ్రేముకి పట్టడానికి కింది ముక్క కోసేసి ఉంటారు, పోయి అడగమన్నారు. స్టూడియో చెత్తబుట్టలో దొరికింది. మర్నాడు దాన్నుంచి ఎండలో అచ్చు తీశాం.

ఇప్పుడు పిల్లల సెల్లుల్లో వాళ్ల అమ్మలవి వేల ఫోటోలు. నచ్చనివి తుడిచేస్తారు, నచ్చినవాటికి తెలుపు పూస్తారు. అన్నయ్య ఆ ఫ్రేముకి ఏటా దండ వేస్తారు. నేను దణ్ణం పెట్టను. నా బీరువాలో ఒక చేయి ఉంది, ఒళ్లో పెట్టుకున్నది, బొటనవేలి మీద కత్తిపీట గాటుతో సహా. మా అమ్మ అంతే మిగిలింది.