గడప ఇవతలి నుంచి రాసిన ఇల్లు

ఆరు వానాకాలాలుగా ఒక ఇంటిని మోస్తున్నాను. నాది కాదు, కొంరమ్మది. అంత బరువేముంటుంది అంటారా? నిజమే, దానికి సరైన కప్పు కూడా లేదు.

వరంగల్‌లో మాది కిరాణా కుటుంబం. నేను మాత్రం బడిపంతులునయ్యాను. పేదలకు సర్కారు ఇచ్చే ఇళ్ళ కోసం నర్సంపేట దగ్గరి ఒక ఊళ్ళో నాకు సర్వే పని వేశారు. ప్రతి ఇంట్లోకీ వెళ్ళి, కప్పు చూసి రాయాలి. వెళ్ళాను. ఇచ్చిన చోటల్లా చాయ్ తాగాను. ఎస్సీ కాలనీకి వచ్చేసరికి నాకు ఎక్కడలేని తొందర పుట్టింది.

"లోపటికి రాండ్రి సారూ, ఇంత చాయ్ తాగి పోదురు," అంది కొంరమ్మ.

"వద్దమ్మా, ఇంక శాన ఇండ్లున్నయ్."

"లోపట సూడకుంటనే రాస్తరా?"

"ఈడికెల్లి కనవడ్తాందిలే."

కనబడింది ముందరి ఇటుక గోడ, దాని మీద సిమెంటు సజ్జ. 'స్లాబు ఇల్లు' అని రాశాను. గోడ వెనక ఉన్నది టార్పాలిన్.

స్లాబు ఉన్నవాళ్ళకి సర్కారు ఇల్లు రాదు; జాబితాలో ఆమె పేరు రాలేదు. నేను పనిచేసే బడికి వచ్చి అడిగితే, పైవాళ్ళు తీసేశారన్నాను. పైన ఎవరున్నారు? నేనే.

నిజంగా తొందరేనా? అప్పటికే మూడు ఇళ్ళలో చాయ్ తాగిన కడుపుకి నాలుగోది ఎందుకు పట్టలేదు? ఆ ఇంటి గ్లాసు ముట్టాల్సి వస్తుందని భయపడ్డాను. అంతే. గడప దాటలేని నేను ఇంటింటి సర్వే చేశాను! సమానత్వం పాఠం నేను చెబితే వినాలనిపిస్తుందని పిల్లలంటారు; ఆ మాట విన్నప్పుడల్లా సుద్దముక్క వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగేవాణ్ణి.

పోయిన వారం వెళ్ళాను. లోపలికి. అంతా చెప్పాను. కొంరమ్మ వింటూనే, కప్పు కారుతున్న చోటికి గిన్నె జరిపింది. అక్కణ్ణుంచి మండలాఫీసుకి పోయి, లోపల చూడకుండా రాశానని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. మీకు నోటీసు రావచ్చన్నారు అక్కడివాళ్ళు. ఆమెకు ఇల్లు వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు.

క్షమించమని అడగలేదు. అడిగితే అదొక దరఖాస్తు, మళ్ళీ ఆమె నెత్తిన.

ఈసారి చాయ్ తాగమని ఆమె అనలేదు. అంటుందేమోనని, సిగ్గులేకుండా, కాసేపు కూర్చున్నాను కూడా. తర్వాత లేచి, ఆఫీసుకి పోయే బస్సుకోసం తడుస్తూ నడిచాను. నవ్వొచ్చింది. ఆరేళ్ళలో మొదటిసారి, నాకేమీ తొందరగా లేదు.