నేల మీది వాల్ట్జ్

గాంధీపురంలో బట్టల కొట్టు మేడ మీద బాలే నాట్యం నేర్పే రంజని, వయొలిన్ల మీద వాయించిన వాల్ట్జ్ పాట పెట్టనిదే పాఠం మొదలుపెట్టదు. గడ్డం పైకెత్తి, వేళ్లతో గాలిలో తాళం వేస్తుంది. చీలమండ విరిగాక కుర్చీలోంచే నేర్పుతోంది. మునివేళ్ల మీద లేవలేని తాను ఇక టీచరేమిటని, క్లాసు మూసేస్తానంది. ఆ మాట విన్న శిష్యురాలు జీవిత, అదే వాల్ట్జ్‌ను జాజ్‌లో వాయించిన రికార్డింగు ఫోన్‌లో పెట్టింది.

"ఇదేం కూత్తు, ఇదేం గోల?" రంజని మొహం చిట్లించింది.

"అదే పాటదా అక్కా, వేరేది కాదు. కొంచెం వినండి."

రంజని రెండింటినీ మార్చి మార్చి విన్నది. వయొలిన్లు మనిషిని పైకి లేపి అక్కడే నిలబెడుతున్నాయి. శాక్సఫోన్ అదే స్వరానికి కాస్త ఆలస్యంగా వచ్చి, ఒయ్యారంగా ఊగి, నేల మీదికే దిగుతోంది. ఆమె కుర్చీ పట్టుకుని లేచింది. పాదాలు పూర్తిగా ఆనించి నాలుగడుగులు వేసింది. నొప్పి రాలేదు.

"రేపు క్లాసుండాదని, రమ్మని అందరికీ చెప్పు జీవితా," అంది, ఊగుతూనే.