గాలిలో మాటలపై పంచాయతీ తీర్మానం

1997 జూన్‌లో నన్ను బందరు డివిజనల్ పంచాయతీ అధికారిగా వేశారు. మా శాఖలో అది మధ్య మెట్టు. కింద పంచాయతీ ఈవోలు, పైన జిల్లా పంచాయతీ అధికారి, ఆ పైన కలెక్టరు. పంచాయతీలు చేసే తీర్మానాలు చట్టానికి లోబడి ఉన్నాయో లేదో చూడటం, అనుమానమొస్తే విచారించి పైకి నివేదిక పంపడం నా పని. రద్దు చేసే అధికారం కలెక్టరుది. మామూలుగా నా దాకా వచ్చేవి చెరువు పాటల గొడవలు, మురుగుకాలవ తగాదాలు. ఆ జులైలో వచ్చిన తీర్మానం లాంటిది నా సర్వీసులో అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

పెడన పక్కనున్న ఊరు. పేరు రాయను, అటువైపు వాళ్ళకి చదవగానే తెలిసిపోతుంది. సగం ఊరు కలంకారీ అద్దకం మీద బతుకుతుంది. తీర్మానం సారాంశం ఇది: గ్రామ పరిధిలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎవరూ వైర్‌లెస్‌లో మాట్లాడరాదు. ఇంటి కప్పు మీద పదిహేను అడుగులకు మించిన గొట్టం నిలపరాదు. ఉన్నవారు నెలాఖరులోగా తీసేయాలి, లేకుంటే పంచాయతీయే తీసేయిస్తుంది. ఆ ఊళ్ళో వైర్‌లెస్ ఉన్నది ఒక్కరికే. అందుకని పేరు రాయాల్సిన అవసరం వాళ్ళకి కలగలేదు.

ఆ ఒక్కరు హైస్కూల్లో సైన్సు చెప్పే సుగుణకుమారి గారు. ఆవిడ హామ్. అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత రేడియో మీద దూరాన ఉన్న తనలాంటి వాళ్ళతో మాట్లాడుకునే సరదా ఉన్న మనిషి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊళ్ళో అనుకునేవారట. ఆవిడే బందరు ఆఫీసుకొచ్చి నాకు తీర్మానం నకలు ఇచ్చారు.

“ఏరియల్ గొట్టం దించెయ్యమంటే దించేస్తానండి, నాదేం పోయింది,” అన్నారు. మాట అలా ఉన్నా గొంతు అలా లేదు. “కాకపోతే తుపానొస్తే ముందు పడేవి ఫోను స్తంభాలే గదా. నాగాయలంకలో మా హామ్ ఒకాయన ఉన్నారు, పడవ ఇంజన్లు బాగుచేస్తారు. వేటకెళ్ళినవాళ్ళు ఒడ్డు చేరారో లేదో ఆయన చెప్తే నేను బందరుకి అందిస్తాను. గొట్టం లేకపోతే ఆయన పిలిచినా పలికేవాళ్ళుండరు.”

చట్టం వరకు ఇది అరపేజీ పని. వైర్‌లెస్ ఢిల్లీ చూసుకునే విషయం, పంచాయతీకి అందులో వేలు పెట్టే హక్కు లేదు. ఆ మాటే రాసేద్దామని కూర్చుంటే ఆ ఊరి ఈవో వచ్చి అడ్డుపడ్డాడు. “మీరు రద్దు చేయిస్తారు సార్. మర్నాటికి ఆ గొట్టాన్ని ఎవడో కోసేస్తాడు. అప్పుడు కేసు ఎవడి మీద పెడతాం?” అన్నాడు. మనిషి బద్ధకస్తుడే గాని ఆ మాట మాత్రం నిజం. టీచరు గారు మాట్లాడితే టీవీ బొమ్మ చెడిపోతోందన్నది ఊరి ఫిర్యాదు. అందుకని ఆదివారం సాయంత్రం, టీవీలో సినిమా వచ్చే వేళకి విచారణ పెట్టాను.

సర్పంచి సాంబశివరావు గారికి పెద్ద అద్దకం షెడ్డు ఉంది. విచారణ ఆయన వసారాలోనే. ఊరి తరఫున ఆయనే మాట్లాడారు. “హీరోయిన్ ఏడుస్తూ ఉంటుందండి. సరిగ్గా అప్పుడే బొమ్మంతా గీతలు. మధ్యలో మా టీచరు గారు బాతు గొంతుతో క్వాక్ క్వాక్‌మంటారు. ఆ సినిమాకి ఏడవాలా, నవ్వాలా?” జనమంతా గొల్లుమన్నారు. సుగుణకుమారి గారు కూడా నవ్వారు. తన మాట ఇతరుల టీవీల్లో అలాగే వినిపిస్తుందని ఒప్పుకున్నారు.

నేను తీర్మానంలో రెండో అంశం చదివి, అందరినీ ఒకసారి కప్పుల వైపు చూడమన్నాను. ఆ ప్రాంతంలో దూరదర్శన్ అందీ అందనట్టుగా వచ్చేది. అందుకని ఇంటింటికీ పాతిక, ముప్పై అడుగుల ఇనప గొట్టం, దాని కొసన యాంటెనా, కింద బూస్టరు. మీ తీర్మానం ప్రకారం ముందు దించాల్సింది సర్పంచి గారిదేనన్నాను. “అది టీవీదండీ!” అన్నారాయన, అదేదో వేరే ఇనుమన్నట్టు. తన దాకా వస్తే గాని అంటారు గదా.

ఇక ఇళ్ళు చూడాలి. టీచరు గారిని ఇంటికెళ్ళి మైకులో మాట్లాడుతూ ఉండమన్నాను. ఇలాంటి విచారణల్లో ఫిర్యాదు చేసినవాళ్ళ ఇళ్ళకే తీసుకెళ్తారు. నాలుగిళ్ళు చూశాను, అన్నింట్లోనూ గీతలే. ఐదోసారి ఎవరూ పిలవకుండా, టీచరు గారి ప్రహరీకి ఆనుకునే ఉన్న నాగమ్మ గారింట్లోకి వెళ్ళాను. వాళ్ళది ఎండు చేపల వ్యాపారం. టీవీ ముందు కూర్చుని సినిమా చూస్తున్నారావిడ. బొమ్మ అద్దంలా ఉంది. గోడవతల టీచరు గారు, నేను చెప్పిన ప్రకారం, మైకులో మాట్లాడుతూనే ఉన్నారు.

“మీకు గీతలు రావామ్మా?” అని అడిగాను.

“రావండి. అసలు మమ్మల్నెవరడిగారు బాబుగారూ? అడిగితే చెప్పేదాన్ని గదా,” అన్నారు.

గోడ పక్కింట్లో లేని గీతలు ఆరిళ్ళ అవతల సర్పంచి గారింట్లో ఎందుకొస్తున్నాయి? టీచరు గారిని పిలిచి అడిగాను. ఇన్నాళ్ళూ ఆవిడ అవతలివాళ్ళ టీవీలు చూడలేదు. మాట్లాడేటప్పుడు తనింట్లో ఉండాలి, మాట్లాడనప్పుడు ఎవరూ రానివ్వరు. నాగమ్మ గారి పెరట్లో నిలబడి ఆవిడ పైకి చూశారు, నేనూ చూశాను. టీవీ గొట్టానికి ఒక దండెం కట్టి ఉంది. వలతాడు, నైలాను. ఆవిడ చరచరా సర్పంచి గారింటికి నడిచారు.

అక్కడా టీవీ గొట్టానికి దండెమే. కానీ అది ఇనప తీగ. కరక్కాయ పాలల్లో ముంచి తీసిన తానులు బరువుగా ఉంటాయి, తాడైతే సాగిపోతుంది. అందుకని అద్దకం వాళ్ళు తీగే కడతారు. టీవీలొచ్చాక, నిటారుగా నిలబడి ఉన్న గొట్టం ఊరికే ఎందుకు పోవాలని దండెం ఒక కొస దానికి చుట్టారు. ముళ్ళన్నీ తడికి తుప్పెక్కి ఉన్నాయి.

టీచరు గారు ఆ తీగ పొడుగు అడుగులేసి కొలిచి పకపకా నవ్వారు. “నా రేడియోకి లెక్క చూసుకుని ఎంత తీగ కట్టానో, సర్పంచి గారు సరిగ్గా అంతే కట్టారండి! నా మాట పట్టుకోడానికి ఇంతకంటే మంచి ఏరియల్ ఉండదు. పట్టుకున్నదంతా తిన్నగా టీవీలోకి పోస్తున్నారు.”

సర్పంచి గారికి నమ్మకం కుదరలేదు. తానులు ఇంకా ఆరలేదన్నారు. వాళ్ళమ్మగారు లోపల్నుంచి, “ముందు అది విప్పరా! సినిమా అయిపోతోంది,” అని కేకేశారు. నలుగురు కుర్రాళ్ళు తానులు తీసి, తీగ కొసను గొట్టం నుంచి విప్పి పక్కనున్న కొబ్బరిచెట్టుకి కట్టారు. టీచరు గారు ఇంటికెళ్ళి మళ్ళీ మైకు పట్టుకున్నారు. ఆవిడ గొంతు వీధిలోకి వినిపిస్తోంది, టీవీలో హీరోయిన్ నిశ్చింతగా ఏడుస్తోంది. వసారాలో ఒక్కరు కూడా ఏడవలేదు. ఈలలు వేశారు.

“చంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికావురా,” అన్నారు పెద్దావిడ. అంతమందిలో ఆ మాట అనిపించుకున్నా సర్పంచి గారికి కోపం రాలేదు. తనే టీచరు గారింటికి వెళ్ళి, “అక్కయ్యగారూ, గొట్టం ఉంచండి, మా దండేలే మార్చుకుంటాం,” అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. అంతగా భయపడ్డారని నాకప్పుడు తెలిసింది. తీగలు మార్చినా రెండిళ్ళల్లో గీతలు కొంచెం మిగిలాయి. అవి నాసిరకం బూస్టర్ల వల్ల. తన మాట వాటిలోకి పోకుండా ఆవిడే తీగ చుట్టలు చేసి బిగించారు.

తరవాతి సమావేశంలో పంచాయతీ పాత తీర్మానాన్ని ఉపసంహరించుకుని కొత్తది చేసింది. టీవీ గొట్టాలకు ఇనప దండేలు కట్టరాదు. టీచరు గారు తుపాను రోజుల్లో ఏ వేళనైనా వైర్‌లెస్‌లో మాట్లాడవచ్చును. నకలు నా పరిశీలనకు వచ్చింది. నిషేధించే అధికారం లేని పంచాయతీకి అనుమతించే అధికారం కూడా ఉండదు. నిబంధన ప్రకారం ఆ రెండో వాక్యానికి నేను అభ్యంతరం రాయాలి. “చూడబడినది” అని సంతకం పెట్టి ఫైలు మూయించాను.

ఆ ఊళ్ళో ఎవరూ అబద్ధం చెప్పలేదు. గీతలు నిజం, బాతు గొంతు నిజం, నింద మాత్రం తప్పు. తరవాత పన్నెండేళ్ళు సర్వీసు చేశాను. ఏ ఊరికి విచారణకి వెళ్ళినా, ఫిర్యాదు చేసినవాళ్ళ ఇళ్ళకంటే ముందు ఫిర్యాదు చేయని ఇంటి తలుపు తట్టేవాణ్ణి.